దిష్టి గడి

మా భవాని పేట్ సందులో ఎవరితోనైనా మనసు విప్పి మాట్లాడాలంటే కరెంటు పోవాలి. నా చిన్నప్పుడు సందుకు రెండువైపులా పవర్‌లూమ్‌లే. పొద్దున మొదలైతే ఆ టకటకలో పక్కన కూర్చున్న మనిషి మాట కూడా వినబడేది కాదు. పెదవులు చూసి అర్థం చేసుకోవాలి, చేతులు ఊపి చెప్పాలి. పాలవాడికి వేళ్లు చూపించేవాళ్లం. తిట్లు కూడా చేతులతోనే తిట్టుకునేవాళ్లం. కరెంటు పోగానే సందు మొత్తం ఒక్కసారిగా నోరు తెరిచేది. పెళ్లిమాటలు, పుకార్లు, ఆడపడుచుల పోట్లాటలు అన్నీ ఆ కాసేపట్లోనే జరిగిపోవాలి. పోట్లాట తెగకముందే కరెంటు వచ్చేస్తే, మళ్లీ పోయేదాకా కోపాన్ని దాచిపెట్టుకోవాల్సిందే. నాకు నోరు పెద్దదని అందరూ అంటారు. ఆ మగ్గాల మధ్య పెరిగితే మీకూ పెద్దదే అయ్యేది.

మా బాపు నక్షాలు గీసేవాడు. చద్దరు మీద నెమలి రావాలన్నా, పూలతీగ రావాలన్నా ముందు దాన్ని గడుల కాగితం మీద గీయాలి. ఒక్కో గడి ఒక్కో దారం. పైకి లేవాల్సిన దారం గడికి ఎర్రరంగు, లేవకూడనిది ఖాళీ. ఆ కాగితం చూస్తూ అట్టలకు చిల్లులు కొట్టాలి. ఆ అట్టలు మగ్గం మీదికెక్కి దారాలను లేపుతాయి. అట్టలు కొట్టేది కూడా బాపే. ముందుగదిలో కిటికీ మూలన ఆయన వాలుబల్ల ఉండేది. దానికి ఎదురుగా గోడకు ఆనుకుని అమ్మ, ఆమె ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు. ఆయన గడులు నింపేవాడు, ఆమె బీడీలు చుట్టేది. ఇద్దరూ వంచిన తల ఎత్తేవాళ్లు కాదు. వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం నేను ఎప్పుడో గానీ చూడలేదు.

ప్రతి నక్షాలోనూ బాపు కావాలనే ఒక గడి తప్పు పెట్టేవాడు. చంటిపిల్ల బుగ్గన కాటుక చుక్క పెట్టినట్టు, అది బట్టకు దిష్టిచుక్క. నరుడి కంటికి నాపరాళ్లు కూడా పగులుతాయంటారు కదా, ఇక నూలుబట్ట ఎంత? చద్దరు మీద అరచేయి రాస్తే అక్కడ బియ్యపుగింజంత తగులుతుంది, అంతే. కొన్నవాళ్లకు అది ఉందని కూడా తెలియదు. కార్ఖానా సేఠ్‌కు తెలుసు, కానీ ఆయనదీ మా నేతకులమే కాబట్టి ఏమీ అనేవాడు కాదు.

ఆ గడి ఎక్కడ పెట్టాలో మాత్రం బాపు తనంతట తాను ఎన్నడూ నిర్ణయించలేదు. నక్షా పూర్తయ్యాక కుంచె చేత్తో పట్టుకుని కరెంటు పోయేదాకా కూర్చునేవాడు. మగ్గాలు ఆగగానే అడిగేవాడు.

"ఏమే, ఏడ పెట్టాలె?"

అమ్మ చాట మీంచి తల ఎత్తకుండానే చెప్పేది. "నెమలి తోకల పెట్టు." "కింద అంచుల పెట్టు, ఎవలు చూస్తరు." మూడ్ బాగాలేని రోజు, "నీ నెత్తిల పెట్టు." ఆమె ఎక్కడ అంటే అక్కడే పెట్టేవాడు. నెత్తిన పెట్టమన్న రోజు మాత్రం నవ్వుకుని మళ్లీ అడిగేవాడు. ఆ గడి పెట్టాక స్టీలు గ్లాసులో కుంచె కడిగి, రెండు చేతులూ నడుముకు ఆనించుకుని "అబ్బా" అంటూ లేచేవాడు. చిన్నతనం నుంచీ వంగి గీసి గీసి ఆయన నడుము పాడైపోయింది. లేచాడంటే ఆ నక్షా అయిపోయినట్టే, మళ్లీ దాని ముఖం చూసేవాడు కాదు.

ఒకసారి ఇద్దరికీ మాటల్లేవు. మా మేనమామ ఇంటికొస్తే బాపు సరిగా పలకరించలేదని అమ్మకు కోపం. నక్షా తయారైంది, కరెంటు పోయింది, బాపు అడిగాడు, అమ్మ పలకలేదు. మర్నాడు అడిగాడు, పలకలేదు. చివరికి సేఠ్ స్వయంగా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"అరే, అక్కడ మగ్గం ఖాళీగ కూసుంది. ఒక్క గడి కోసం నా ధందా బంద్ చేస్తవా ఏంది?"

"ఆమె చెప్పలే సేఠ్," అన్నాడు బాపు, అదేదో కోర్టు తీర్పు రాలేదన్నట్టు.

సేఠ్ తల పట్టుకుని అమ్మ దగ్గరికి వచ్చి చేతులు జోడించాడు. "వదినా, నీకు దండం పెడ్త. ఏడనో ఒక కాడ చెప్పరాదు?"

"ఈ సేఠ్ నోట్లె పెట్టమను," అంది అమ్మ.

ముందు సేఠే నవ్వాడు. తర్వాత బాపు, తర్వాత నేను. అమ్మ మాత్రం నవ్వు ఆపుకోవడానికి బీడీకి దారం గట్టిగా చుట్టింది. ఆ తర్వాత మెల్లగా, "ఆకు కింద పెట్టు," అంది. బాపు పెట్టాడు, కుంచె కడిగాడు, లేచాడు.

నేను కంప్యూటర్ మీద డిజైన్లు చేయడం నేర్చుకుని కొంతం చౌక్ దగ్గర ఒక దుకాణంలో చేరాను. అప్పటికే మగ్గం మీద దారాలు లేపడానికి ఎలక్ట్రానిక్ జకార్డులు వచ్చేశాయి. వాటికి అట్టలు అక్కర్లేదు, ఫైలు ఇస్తే చాలు. కార్ఖానాల వాళ్లు పాత నక్షాలన్నీ సంచుల్లో వేసుకుని మా దుకాణానికి తెచ్చేవాళ్లు, స్కాన్ చేసి ఇవ్వమని. ఒకరోజు సంచి విప్పితే పైనే బాపు నెమలి. ఎర్రరంగు కాస్త వెలిసింది గానీ గీత గీతా గుర్తుపట్టాను. స్కాన్ చేసి సాఫ్ట్‌వేర్‌లో వేయగానే అది తోక దగ్గర ఒక గడి చుట్టూ గీత గీసి అడిగింది. ఇక్కడ ఒక తప్పు గడి ఉంది, తీసెయ్యమంటారా అని.

సాయంత్రం బాపును పిలిపించి చూపించాను, మురిసిపోతాడనుకున్నాను. నా మొహం. ఆయన కళ్లజోడు తుడుచుకుని ఆ గీత దగ్గరే ఆగిపోయాడు.

"ఏమంటుంది ఇది?"

"తప్పుందట. తీసెయ్యనా అని అడుగుతుంది."

"అడుగుతుందా? మంచిదే, ఇది గూడ నా లెక్కనే. అడగంది ఏం చెయ్యది." కాసేపు చూశాడు. "తియ్యి తియ్యి. దిష్టి తగిల్తె నీ డబ్బాకు తగుల్తది, నాకేంది?"

ఎగతాళిగానే అన్నాడు. ఇంటికి వెళ్లాక అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు. సేఠ్‌లకు శుభ్రమైన ఫైలు కావాలి, అది నా ఉద్యోగం. తోకలో పెట్టమన్నది, అంచులో పెట్టమన్నది, ఆకు కింద పెట్టమన్నది, అమ్మ చెప్పిన చోట్లన్నీ ఒక్కొక్కటే నా వేలి కిందే చెరిగిపోయాయి. బాపు గీసిన నెమలి ఇప్పటికీ ఎక్కడెక్కడో నేస్తూనే ఉన్నారు. ఏ లాడ్జిలోనో, రైలు బెర్తు మీదో హఠాత్తుగా ఎదురవుతుంది. ఆ తోక మీద చేయి రాస్తాను. ఏమీ తగలదు.

కొన్నాళ్లకు బాపును నక్షా అడిగేవాళ్లే లేకుండాపోయారు. ఊరికే కూర్చునే మనిషి కాదు. గడుల కాగితాలు తెచ్చి ఒకదానికొకటి అతికించడం మొదలుపెట్టాడు. అమ్మకు ఒక చద్దరు గీస్తానన్నాడు. చెప్పులు కుట్టేవాడి కాళ్లకు చెప్పులు ఉండవన్నట్టు, మా ఇంట్లో ఏనాడూ మంచి చద్దరు లేదు. అంచు వంకరపోయినవి, రంగు తప్పినవి, కార్ఖానా పక్కన పడేసిన మాలే మేం కప్పుకున్నది. మామూలుగా నక్షాలో కొంత భాగమే గీస్తారు, మగ్గం దాన్నే తిప్పితిప్పి నేస్తుంది. ఈ చద్దరు అలా కాదు. తలాపు నుంచి కాళ్ల వరకూ తునికాకుల తీగ, ఏ ఆకూ ఇంకో ఆకులా ఉండదు. దీనికి అట్టలు కొడితే ఇల్లు పట్టదు.

"అట్టలెందుకు? నీ డబ్బాకు కడుపు పెద్దది గద, దాంట్ల పడ్తది," అన్నాడు నాతో.

అమ్మ సణిగింది. "జన్మంత ఈ ఆకే చుట్టిన. మళ్ల చద్దర్ల గూడ ఇదేనా?"

"ఇది చుట్టనీకె కాదే. కప్పుకోనీకె."

ఆ రోజు బీడీలు కొంచెం వంకరగా వచ్చాయని తర్వాత అమ్మే ఒప్పుకుంది.

ఆయన గీస్తుండగానే సందులో మగ్గాలు ఒక్కొక్కటీ పాతసామానుకు పోయాయి. మా సేఠ్ కూడా కార్ఖానా అమ్మేసి హోట్గి రోడ్ వైపు ఇల్లు కట్టుకున్నాడు. చివరికి మా ఎదురింటి షెడ్డు ఒక్కటే మిగిలింది. ఒక ఎండాకాలం మధ్యాహ్నం నేను దుకాణం నుంచి వచ్చేసరికి ఆ షెడ్డు టకటకలాడుతూనే ఉంది, మా ఇంట్లో ఫ్యాను తిరుగుతూనే ఉంది. బాపు బల్ల మీద తల ఆనించి ఉన్నాడు. ఫ్యాను గాలికి జుట్టు కదులుతోంది. కునుకు తీస్తున్నాడనుకుని అమ్మ ఎదురుగా కూర్చుని బీడీలు చుట్టుకుంటూనే ఉంది. నేను భుజం మీద చేయి వేశాను. అప్పుడు తెలిసింది. కుంచె ఆయన వేళ్ల మధ్యే ఉంది, రంగు ఆరిపోయి. నేను అరిచిన అరుపు ఆ మగ్గం చప్పుడులో ఎవరికీ వినబడలేదు.

ఆ వర్షాకాలంలో ఎదురింటి మగ్గం కూడా పోయింది. సందు చచ్చిపోయినట్టయింది. కరెంటు ఉన్నా లేనట్టే, పొద్దస్తమానం నిశ్శబ్దం. అమ్మకు అప్పటికి కళ్లు మసకబారాయి, బీడీలు మానేసింది. అయినా అదే గోడకు ఆనుకుని, ఖాళీ చాట ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. బల్ల జరుపుతానంటే జరపనివ్వలేదు. గ్లాసులో నీళ్లు ఎండిపోతే మళ్లీ పోయించేది. ఉన్నట్టుండి తల పక్కకు వంచి వినేది. ముఖం మీద చిన్న నవ్వు వచ్చేది. మూల వైపు తిరిగి, "ఊకో, జర ఆగు," అనేది.

"ఎవలతోని మాట్లాడుతున్నవమ్మా?"

"నీతోని కాదు తియ్యి."

నేను దయ్యాలను నమ్మను. నమ్మను గానీ, అబద్ధం ఎందుకు, నాకూ వినబడేది. గ్లాసు అంచుకు కుంచె తట్టిన చప్పుడు. కాగితం మీద మోచేయి జరిగిన చప్పుడు. తలుపు వేసి ఉన్నా, కిటికీ మూసి ఉన్నా వచ్చేది. ఆ మూలకు వీపు పెట్టి కూర్చోవాలంటే నా వల్ల అయ్యేది కాదు. అన్నం తింటున్నా అటు ముఖం పెట్టే తినేదాన్ని.

చద్దరు చేతిలో పెడితే అమ్మ కుదుటపడుతుందనిపించింది. నక్షా కాగితాలు జాగ్రత్తగా విప్పి, ముక్కముక్కగా స్కాన్ చేసి దుకాణంలో కలిపాను. చివరి ఆకు దాకా అన్నీ నింపేశాడు. సాఫ్ట్‌వేర్ అంతా వెతికి, తప్పు గడి ఏదీ లేదంది. నేను నమ్మలేక మళ్లీ వెతికించాను. లేదంది. ఆకు ఆకూ నేనే చూశాను. నిజంగానే లేదు. దిష్టిచుక్క లేకుండా బాపు నక్షా ఏంటి? ఆయన కూతుర్ని కదా, ఆ మాత్రం నాకు చేతకాదా అనుకుని ఒక ఆకు తొడిమ దగ్గర నేనే ఒక గడి తప్పు పెట్టాను. తెలిసిన కార్ఖానాలో బతిమాలి ఒక్క చద్దరు నేయించాను. మెత్తగా, బరువుగా, అందంగా వచ్చింది. దాన్ని ఒళ్లో పెట్టుకుని ఆటోలో ఇంటికి వస్తుంటే ఏడుపొచ్చింది.

అమ్మ ఒళ్లో పరిచాను. ఆమె రెండు అరచేతులతో తలాపు నుంచి తడమడం మొదలుపెట్టింది. ఆకులన్నీ ఒక్కొక్కటే గుర్తుపడుతున్నట్టు వేళ్లు నెమ్మదిగా కదిలాయి. తొడిమ దగ్గరికి వచ్చి ఆగిపోయాయి.

"ఇది ఎవలు పెట్టిండ్రు?"

"నేనే. బాపు మర్చిపోయినట్టున్నడు."

"మర్చిపోయిండా?" అమ్మ గొంతు అంత పెద్దగా లేవడం నేను ఎప్పుడూ వినలేదు. "నిన్నెవలడిగిండ్రు? ఆయన నన్నడుగుతున్నడు! పొద్దుందాక అడుగుతనే ఉన్నడు. నేనే చెప్తలేను."

అప్పుడు తట్టింది నాకు. ఆయన చనిపోయిన రోజు కరెంటు పోలేదు. నక్షా పూర్తి చేసి, కుంచె పట్టుకుని, ఎదురింటి మగ్గం ఎప్పుడు ఆగుతుందా అని ఆయన ఎదురుచూస్తూ కూర్చున్నాడు. అది ఆగలేదు. ఇప్పుడు సందంతా ఆగిపోయింది.

"ఎందుకు చెప్తలేవమ్మా?"

"చెప్తె పని అయిపోతది. అయిపోతె కుంచె కడుక్కుని లేస్తడు." చద్దరును పక్కకు నెట్టేసింది. "లేసినంక మళ్ల వస్తడా? కూసోనియ్యి. ఆడనే కూసోనియ్యి."

ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయో చెప్పలేను. కొత్త చద్దరు మడిచి పెట్టెలో పెట్టించింది. పాత వంకర చద్దరే కప్పుకుంది. తిండి తగ్గించింది, నిద్ర తగ్గించింది. ఎక్కడ కునుకు పట్టి నోరు జారుతుందోనని భయం. బయటికి రమ్మంటే రాదు, డాక్టరు దగ్గరికి రమ్మంటే రాదు. చూస్తూ చూస్తూ ఉంటే మనిషి చిక్కి చాటలో పట్టేంత అయిపోయింది. శ్రావణ పౌర్ణమి, మా నూలు పున్నం వచ్చింది. బాపు ఉన్నప్పుడు ఆ రోజు జంధ్యం మార్చుకుని, బల్ల కాలికి కొత్త నూలుపోగు కట్టేవాడు. నేను కడదామని వంగాను. గ్లాసు అంచుకు కుంచె తట్టినట్టయింది, నా చెవి పక్కనే. అమ్మ "ఊకో" అంది. అంతే, నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. భయం వల్ల వచ్చిన కోపమే అది.

"ఎంత పాపపుదానివమ్మా నువ్వు! ఎన్ని దినాలు కూసోబెడ్తవ్ ఆయనను? నడుం నొప్పి ఉన్న మనిషి!"

అన్నాక నాకే నాలుక కరుచుకోవాలనిపించింది. అమ్మ మూల వైపు చూసింది. ఆ మసక కళ్లతో ఏం చూసిందో నాకు తెలియదు. చాలాసేపు చూసింది.

"అవును గద," అంది చివరికి. "నేను జాలిల్లేనిదాన్ని. నడుం సంగతే మర్చిపోయిన."

ఖాళీ చాట కింద పెట్టింది. కొంగుతో ముఖం తుడుచుకుంది. సందులో ఎక్కడా ఏ చప్పుడూ లేదు. ఎప్పటిలాగే తల ఎత్తకుండా, వంటింట్లో పక్కనున్నవాళ్లకు ఏదో చెబుతున్నంత మామూలుగా అంది.

"తలాపున పెట్టు. నా చెయ్యి అందేకాడ."

నేను బల్ల కాలు పట్టుకుని అలాగే ఉండిపోయాను. అమ్మ తల పక్కకు వంచి విన్నది.

"లేసిండు," అంది. "నడుం పట్టుకునే లేసిండు, పాపం." అప్పుడు ఏడ్చింది. ఆయన పోయిన రోజు కూడా అంత ఏడవలేదు.

నాకేమీ వినబడలేదు. ఆ మూల నుంచి నాకు ఏమీ వినబడకపోవడం అదే మొదటిసారి.

మర్నాడు దుకాణంలో ఫైలు తెరిచి తొడిమ దగ్గర నేను పెట్టిన గడి తీసేశాను. తలాపున, పడుకున్న మనిషి చేయి పడే చోట, ఒక గడి తప్పు పెట్టాను. సాఫ్ట్‌వేర్ వెంటనే దాని చుట్టూ గీత గీసి అడిగింది, తీసెయ్యమంటారా అని. వద్దు నొక్కాను. మళ్లీ అడిగింది. వద్దు అని పైకే అరిచాను, పక్క కుర్చీల వాళ్లంతా తిరిగి చూశారు.

అమ్మ ఇప్పుడు అలా మళ్లీ నేయించిన చద్దరే కప్పుకుంటుంది. ఆ గింజంత చోట వేలు పెట్టుకుని కళ్లు మూస్తుంది, హాయిగా నిద్రపోతుంది, కడుపునిండా తింటుంది. బల్ల జరిపేయమని తనే అంది. నేను అన్నం పళ్లెం పట్టుకుని ఆ మూలకు వీపు పెట్టి కూర్చుంటాను. కూర్చోగలుగుతున్నాను. అదే నాకు భరించలేకుండా ఉంది.